తాతయ్య తుపాకి, మావయ్య కాగితం

మావయ్య పోయిన కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. తిరువూరు నుంచి బెజవాడ వెళ్ళే బస్సు మైలవరంలో మా బడి గేటు ముందే ఆగుతుంది. ఆ ఉదయం ఇంకా మొదటి గంట కొట్టలేదు. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "టీచరుగారూ, మీ మావయ్యగారు తెల్లవారుజామున పోయారంటండి. సాయంత్రం నాలుగింటికి సమాధి చేస్తారంట. మీ అమ్మగారు చెప్పమన్నారు" అన్నాడు.

"సరేనండి" అన్నాను. బస్సు కదిలిపోయింది. ఏడుపు రాలేదు. లోపలికి వెళ్ళి సెలవుచీటీ రాస్తూ 'దగ్గరి బంధువు చనిపోయినందున' అని రాశాను. మళ్ళీ కొట్టేసి 'మా మేనమామ' అని రాశాను. హెడ్‌మాస్టరుగారు ఆ కొట్టివేత వైపు చూసి సంతకం పెట్టారు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మావయ్య గురించి మంచి చెప్పడం కష్టమేమీ కాదు. తిరువూరులో ఆయన పెద్దగా ఉన్న మా చర్చి సంఘంలో ఎవరినడిగినా ఒక గంట చెప్తారు. కానీ ఆయన నాకు నేర్పినదీ ఉంది, నాకు చేసినదీ ఉంది. ఒకటి చెప్పి ఇంకోటి దాచడం నాకు చేతకాదు. చదివేవాళ్ళు మన్నించాలి.

మా తాతయ్య ఇంట్లో ఒక తుపాకి ఉండేది. ఇరవైరెండు బోరు రైఫిల్. పులుల్ని వేటాడేది కాదు. నక్కలు, కుందేళ్ళు, పందికొక్కుల బారి నుంచి పంట కాపాడుకునేది. తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, వయసులో ఉన్నప్పుడు ఒక మిషన్ ఆసుపత్రి బంగళాలో తోటపని చేశాడు. అక్కడి డాక్టరు దొర తన దేశం వెళ్ళిపోతూ ఆ తుపాకిని తాతయ్యకి ఇచ్చి, కాగితాలు కూడా తనే రాయించి వెళ్ళాడట. తాతయ్య తర్వాత ఎ.కొండూరు దారిలో పొలం కొని, మామిడి మొక్కలు నాటి, వాటి మధ్య వేరుశెనగ వేశాడు. పంటకి కాపలా ఆ తుపాకే. ఇంట్లో అందరూ దాన్ని 'చిన్నది' అనేవాళ్ళు. "చిన్నదానికి నూనె పెట్టారా?" "చిన్నదాన్ని ఎండలో ఉంచకండి." కొత్తవాళ్ళు వింటే ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉందనుకునేవాళ్ళు.

నాకు పదిహేనేళ్ళప్పుడు మావయ్య దాన్ని నా చేతికిచ్చాడు. మావయ్యకి ఒక్కడే కొడుకు, నాకు బావ. బావకి ఆ చప్పుడు పడదు, పొలమూ పడదు. బెజవాడలో చదువుకుంటూ సెలవులకి వచ్చినా తిరువూరు బస్టాండు దాటేవాడు కాదు. నేను మాత్రం శనివారం మధ్యాహ్నం బడి వదలగానే పొలంలో ఉండేదాన్ని. మావయ్య గట్టు మీద కొబ్బరి చిప్పలు వరసగా పెట్టి, నన్ను బోర్లా పడుకోబెట్టి, తుపాకి మడమ భుజానికి ఆనించేవాడు.

"ముందు చిప్పని చూడకు. దాని వెనకేముందో చూడు. మనిషున్నాడా, గొడ్డుందా, ఇల్లుందా? ఏమీ లేదని తేల్చుకున్నాకే చిప్ప."

"చూశాను మావయ్యా. గట్టే ఉంది."

"ఇప్పుడు ఊపిరి వదులు. వదిలాక, మళ్ళీ పీల్చేలోపు ఒక ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో నొక్కు."

గురి తప్పితే ఇంకో నియమం ఉండేది. గాలి వీచిందనో, ఎండ కళ్ళలో పడిందనో అనకూడదు. లేచి నిలబడి "తప్పాను" అని పైకి చెప్పాలి. ఒకసారి ఆయనకే గురి తప్పితే, పంచె దులుపుకుని లేచి, నాకూ పనివాళ్ళకీ వినపడేటట్టు "తప్పాను" అన్నాడు. మగవాళ్ళు అలా అనగా నేను అంతకుముందు వినలేదు.

పొలంలో నడిచేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. పిల్లలతో ఉన్న జంతువుని కొట్టేవాడు కాదు. ఆదివారం తుపాకి ముట్టేవాడు కాదు. పేల్చిన తూటా గొట్టాలు ఏరి చొక్కా జేబులో వేసుకుని మర్చిపోయేవాడు. బట్టలు ఉతికేటప్పుడు అవి బండ మీద టంగుమని మోగేవి, అత్తయ్య తిట్లు వీధి చివరిదాకా వినపడేవి. వారానికోసారి పాత పంచె చింపి, ఇనుప కడ్డీకి చుట్టి, గొట్టం లోపల తుడిచి, వెలుతురుకెత్తి నన్ను చూడమనేవాడు. "తుప్పుందా?" "లేదు మావయ్యా." "సరిగ్గా చూసి చెప్పు. నీ కళ్ళు నాకంటే మంచివి."

డెబ్బైల మొదట్లో తాతయ్య మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం అందర్నీ పిలిచి, నోటుబుక్కు కాగితం మీద పాస్టరుగారి చేత రాయించాడు. తన తర్వాత తుపాకి కొడుకుది. కొడుకు వాడలేని రోజున ఈ మనవరాలిది. రాయడం అయ్యాక తాతయ్య నా వైపు చూశాడు. మావయ్య నవ్వుతూ, "నేనూ అదే అనుకున్నా నాన్నా. గురి దానిది" అన్నాడు. బావ అక్కడే గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు.

తాతయ్య పోయాక రెండో వేసవిలో పిచ్చి నక్క సంగతి జరిగింది. నేను డిగ్రీ చదువుతున్నాను, సెలవులు. పొద్దున తొమ్మిది దాటింది. తోటలో కాయ కోత. కాలవ గట్టు వైపు నుంచి ఒక నక్క పట్టపగలు, తూలుకుంటూ, నోటినుంచి చొంగ కారుతూ వచ్చింది. ఎవరో అరిచేలోపే కాయలు ఏరుతున్న ఒకామె పిక్క పట్టి కరిచింది. ఆడవాళ్ళు కేకలేస్తూ చెట్ల అవతలి బండెక్కేశారు. కరిపించుకున్న ఆమె మాత్రం అటూ ఇటూ చూడకుండా కుంటుకుంటూ ఎదురు పరుగెడుతోంది. ఆమె బిడ్డ తోట మధ్యలో కొమ్మకి కట్టిన చీర ఉయ్యాలలో ఉంది. ఉయ్యాల నేలకి జానెడెత్తున ఊగుతోంది. నక్క అటే పోతోంది.

మావయ్య తుపాకెత్తాడు. ఎత్తినవాడు దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"అమ్మాయ్, నాకు రెండు కనపడుతున్నాయి. నువ్వు పట్టు."

నేను పట్టాను. నక్క వెనక ఉయ్యాల ఉంది. కాల్చడానికి వీల్లేదు. చెప్పులు వదిలేసి పక్కకి నడిచాను, నాలుగడుగులో అయిదడుగులో. నక్క వెనక మట్టి గట్టు తప్ప ఏమీ లేని చోటికి వచ్చి మోకాలి మీద కూర్చున్నాను. ఊపిరి వదిలాను. మొదటి తూటాకే పడింది. లేవబోతే రెండోది కొట్టాను.

జనం దిగి వచ్చేలోపు మావయ్య నా చేతిలోంచి తుపాకి తీసుకున్నాడు.

"నేను కొట్టానని చెప్దాం. లైసెన్సు నా పేరు మీదుంది. ఆడపిల్లవి, రేపు పోలీసులొచ్చి అడిగితే నీకెందుకా గొడవ?"

"అట్లాగే మావయ్యా" అన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. పైగా ఆయనకీ నాకూ మధ్య ఒక రహస్యం ఉందని గర్వంగా ఉండేది. ఆమెకి పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేశారు. బతికింది. ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, మా సంఘ పెద్ద చేతిని గురి తప్పనివ్వని దేవుడికి స్తోత్రం అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. మావయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళ చాపల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది ఆయన చూపు బాగా తగ్గింది. నీటికాసులని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అప్పటికి నేను మైలవరం బడిలో చేరి, రోజూ తిరువూరు నుంచే వెళ్ళి వస్తున్నాను. ఒక పొద్దున నేను బస్సుకి పరుగెడుతుంటే మావయ్య మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో టైపు కొట్టిన కాగితాలు.

"అమ్మాయ్, చిన్నదాన్ని నీ పేరు మీదికి మార్పిస్తున్నా. ఇక్కడో సంతకం, కింద ఇంకో సంతకం."

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ తమ్ముడికి కాఫీ కలపడానికి వెళ్ళింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు, పిల్లలకి చెప్పేది అదే. చదవలేదు. బస్సు పోతుందని కాదు. మావయ్య తెచ్చిన కాగితం చదివి సంతకం పెట్టడం ఆయన్ని అవమానించడం అనిపించింది. నిలబడే రెండు సంతకాలు పెట్టి, "చిన్నదాన్ని నేను బాగా చూసుకుంటా మావయ్యా" అని పరుగెత్తాను.

నెలలు గడిచాయి. అడిగితే "ఆఫీసు పనులు కదే, నెమ్మదిగా అవుతాయి" అన్నాడు. ఇంకోసారి అడిగితే, "బందరులో ఫైలు కదలట్లేదంట" అన్నాడు. పది నెలల తర్వాత టీచర్ల శిక్షణ తరగతులకి నేనే బందరు వెళ్ళాను. ఒక మధ్యాహ్నం తీరిక దొరికితే కలెక్టరాఫీసుకి వెళ్ళి, తుపాకుల లైసెన్సులు చూసే గుమస్తాగారిని అడిగాను. పెద్దాయన. ఓపిగ్గా ఫైలు వెతికి తీశాడు.

"ఇది అయిపోయి ఆర్నెల్లు దాటిందండి. వాళ్ళబ్బాయి పేరు మీద లైసెన్సు ఇచ్చేశారు."

"వాళ్ళబ్బాయి పేరు మీదా?"

"మీరే కదమ్మా అభ్యంతరం లేదని రాసిచ్చింది? ఇది మీ సంతకమే కదా?"

ఫైలు నా వైపు తిప్పాడు. అప్పుడు చదివాను. తాతగారి కాగితం వల్ల నాకు వచ్చే హక్కుని మేనమామ కొడుక్కి ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని ఉంది. అంతవరకైతే ఎలాగో మింగేదాన్ని. దాని కింద ఇంకో వాక్యం ఉంది. నాకు ఆయుధాల వాడకం తెలియదని, ఈ తుపాకిని నేనెన్నడూ చేతపట్టలేదని. దాని కింద గుండ్రంగా, పిల్లలకి నేర్పే అక్షరాలతో, నా పేరు.

"ఏమైందమ్మా? మంచినీళ్ళు తెప్పించనా?"

"వద్దండి. సంతకం నాదే" అన్నాను.

మర్నాడు తరగతులు మానేసి తిరువూరు వచ్చి, మా ఇంటికి కూడా పోకుండా నేరుగా మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని అత్తయ్యతో కలిసి చింతకాయలు ఒలుస్తున్నాడు. నా ముఖం సరిగా కనపడకపోయినా నా అడుగులోనే ఏదో తెలిసినట్టుంది. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"మావయ్యా, ఆ కాగితంలో ఏం రాయించావు?"

"బందరు వెళ్ళావా?"

"వెళ్ళాను."

"వాడు పట్టుబట్టాడే. కొడుకుండగా తుపాకి బయటికెట్లా పోద్దన్నాడు. రేపు నీకు పెళ్ళవుద్ది, ఏ ఊరు పోతావో..."

"నేను బయటిదాన్నా?"

"అది కాదే."

"ఆ మాట నాకే చెప్పుండొచ్చుగా?"

"చెబితే నువ్వు ఒప్పుకోవేమోనని భయమేసింది."

"అడిగితే ఇచ్చేసేదాన్ని మావయ్యా."

నిజంగా ఇచ్చేసేదాన్నో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆ క్షణంలో మాత్రం అది నిజం. అత్తయ్య చింతకాయలు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"నేనెప్పుడూ తుపాకి పట్టలేదని ఎందుకు రాయించావు?"

"అట్లా రాస్తే పని తొందరగా అవుద్దని వాడే టైపు చేయించాడు. నాకు ఇంగ్లీషు ఎక్కడొచ్చు?"

"నీకు చదివి చెప్పలేదా?"

అబద్ధం చెప్పొచ్చు, నేను నమ్మేదాన్ని కూడా. చెప్పలేదు.

"చెప్పాడు" అన్నాడు.

అంటే ఆ వాక్యం విని, అర్థం చేసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మా ఇంటికొచ్చి, మా అమ్మ చేతి కాఫీ తాగి వెళ్ళాడు. నేను నిలబడే ఉన్నాను. ఒక్క మాట కోసం చూశాను. కొబ్బరి చిప్పకి గురి తప్పితే లేచి చెప్పిన మాట. ఆయన కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నాడు.

"వస్తానండి. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి" అన్నాను.

పుట్టిన దగ్గర్నుంచి ఆయన్ని 'నువ్వు' అనే అన్నాను. ఆ 'మీరు' విని మావయ్య తల పైకెత్తాడు. మా వీధి మలుపు తిరిగేదాకా ఆ ముఖం నా వీపుకి తగులుతూనే ఉంది.

తర్వాత నేను మైలవరంలోనే గది తీసుకున్నాను. మావయ్య ఇంటికి వెళ్ళలేదు. ఒక వేసవిలో ఆయనే అత్తయ్య చెయ్యి పట్టుకుని, బస్సు దిగి, మామిడిపళ్ళ బుట్టతో మా బడికి వచ్చాడు. కూర్చోండి అన్నాను. కాఫీ తీసుకుంటారా అన్నాను. బల్ల మీద చెయ్యి వేసి దాని అంచు తడుముతూ, "పిల్లలు నీ మాట వింటారా?" అని అడిగాడు. "వింటారండి" అన్నాను. తిరుగు బస్సు వచ్చేదాకా ముగ్గురం గోడ గడియారం చప్పుడు విన్నాం. పళ్ళు పిల్లలకి పంచేశాను.

ఇలా రాస్తుంటే ఆయన నాకేమీ ఇవ్వలేదన్నట్టుంది. అది అన్యాయం. కోపంతో ఊగిపోతూ వచ్చిన పిల్లవాడి తండ్రికి నేను వెంటనే బదులు చెప్పను. ఊపిరి వదిలి ఆగుతాను. ఆ ఆగడం ఎవరు నేర్పారని అడిగితే ఒకటే జవాబు. నల్లబల్ల మీద స్పెల్లింగు తప్పు రాస్తే పిల్లల ముందు "తప్పాను" అంటాను. మొదటిసారి విన్నప్పుడు పిల్లలు కూడా ఆశ్చర్యపోయారు. ఆయన నేర్పినవన్నీ నా దగ్గర పనిచేస్తూనే ఉన్నాయి. ఆయన దగ్గరే, ఒక్క రోజు, పనిచేయలేదు.

ఇక తుపాకి సంగతి. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సున్న తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. బావ అప్పగించాడు. ఎన్నికలయ్యాక తెచ్చుకోలేదు. బెజవాడలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు, తిరిగే తీరిక లేదు, లైసెన్సు గడువు దాటనిచ్చాడు. చివరికి నాకొద్దని రాసిచ్చేశాడు. తండ్రికి మాత్రం పెట్టెలో భద్రంగా ఉందని చెప్పాడు. అత్తయ్య ఈ సంగతి అమ్మకి చెప్పుకుని ఏడ్చింది. అమ్మ నాకు చెప్పింది.

ఆయన పోవడానికి మూడు వారాల ముందు, నిన్ను అడుగుతున్నాడని అమ్మ కబురు చేస్తే వెళ్ళాను. మధ్యాహ్నం. మావయ్య నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. అప్పటికి రెండు కళ్ళూ పోయాయి.

"అమ్మాయేనా? చెప్పులు చేత్తో పట్టుకొచ్చావా ఏంటి, అడుగు చప్పుడే లేదు."

"నేనే మావయ్యా."

కాసేపు అమ్మ గురించి, బడి గురించి అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "చిన్నదాన్ని ముట్టుకుని చాలా కాలమైంది. వాడు పట్టించుకోడు. పెట్టెలోంచి తీసి, గొట్టంలోకి చూసి చెప్పవే, తుప్పు పట్టిందేమో" అన్నాడు.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

చెప్పాలని నోటిదాకా వచ్చింది. నీ కొడుకు నీకూ చదవని కాగితమే ఇచ్చాడు మావయ్యా అని. అంటే చాలు, ఆ వరండాలో నాకు జరిగింది ఆయనకి పూర్తిగా అర్థమయ్యేది. నేను లేచి లోపలి గదిలోకి వెళ్ళాను. చెక్కపెట్టె మూత తీశాను. అడుగున చింపిన పంచె గుడ్డ, ఇనుప కడ్డీ, ఎండిపోయిన నూనె డబ్బా ఉన్నాయి. తుపాకి ఆనించిన చోట చెక్క కొంచెం నునుపుగా ఉంది. గొట్టం చూడటానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అక్కడే నిలబడి, మూత చప్పుడయ్యేలా వేసి, తిరిగి వచ్చాను.

"శుభ్రంగా ఉంది మావయ్యా. తుప్పు లేదు."

ఆయన చెయ్యి చాచాడు. నా చెయ్యి అందిస్తే దాన్ని ముఖం దగ్గరికి తీసుకుని, వేళ్ళు ముక్కుకి ఆనించుకున్నాడు. నూనె వాసన ఉండాలి. లేదు. నా చేతికి సుద్దముక్క వాసన తప్ప ఏదీ ఉండదు. నేను చెయ్యి లాక్కోలేదు. ఆయన వదల్లేదు. అత్తయ్య గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"సరే" అన్నాడు చివరికి. "పొద్దుపోకముందే బస్సెక్కు."

దయ చూపించానని చెప్పుకోవాలనుంది. అది నిజం కాదు. ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను, అంతే. నా లోపల ఒక మూల, చెప్పకుండా ఉన్నందుకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

సమాధి రోజున చర్చిలో పాస్టరుగారు మళ్ళీ ఆ పిచ్చి నక్క గురించి చెప్పారు. గురి తప్పని ఆ చెయ్యి ఇక విశ్రాంతి తీసుకుంటోందన్నారు. బావ ముందు వరసలో తల వంచుకుని ఉన్నాడు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉన్నాను. ఈసారి ఆమేన్ అనలేదు. ఆ పొద్దున తోటలో ఎవరు కాల్చారో తెలిసిన ఇద్దరిలో ఒకరు పెట్టెలో ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ నక్కని కొట్టింది నేను. కొట్టడం నేర్పింది ఆయన. ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పే ధైర్యం ఆయనకి ఉండి ఉంటే, తుపాకి ఎవరి పెట్టెలో ఉన్నా నాకు పట్టేది కాదు.

క్షమించావా అని అమ్మ దారిలో అడిగింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని నడిచాను.

సమాధుల దొడ్డికి వెళ్ళే బాట పక్కన ఎవరిదో చేలో వేరుశెనగ పీకుతున్నారు. ఇరవై మంది దాకా ఆడవాళ్ళు వరసగా వంగి ఉన్నారు. పెట్టె దగ్గరికి రాగానే ఒకామె నడుము లేపింది. ఆమెని చూసి పక్కామె. అలా ఒకరి తర్వాత ఒకరు, చేను మధ్య నిలువునా నిలబడ్డారు. ఎవరి చేతిలో పీకిన మొక్క వాళ్ళ చేతిలోనే ఉంది. మొక్కల వేళ్ళ నుంచి ఎర్రమట్టి పొడిపొడిగా రాలుతోంది. మేం దాటి కొంచెం దూరం పోయాక వెనక్కి తిరిగి చూశాను. అందరూ మళ్ళీ వంగారు. ఒక్కామె మాత్రం, ఆ మొక్క అలాగే పట్టుకుని, ఇంకా మా వైపే చూస్తోంది.